ఊరు చెదిరితే ఆయుష్షు తరుగుతుంది

ఆదివాసీ ఎందుకు తొందరగా చనిపోతున్నాడని అడిగితే మైదానం వాళ్ళ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తాగుతాడు, శుభ్రత తెలియదు, మంత్రగాడి దగ్గరికి పోతాడు, ఆస్పత్రికి రమ్మంటే రాడు. ఈ మాట మేం శిక్షణ తరగతుల్లో విన్నాం. సమీక్షా సమావేశాల్లో విన్నాం. స్టాఫ్ రూములో టీ తాగుతూ తోటి ఉపాధ్యాయులు అంటుంటే విన్నాం. రోగానికి కారణం రోగే అని తేల్చేస్తే ఎంత సుఖం! డాక్టరు పోస్టు ఎందుకు ఖాళీగా ఉంది, రోడ్డు ఎందుకు వాగు దగ్గరే ఆగిపోయింది అని అడిగేవాడు ఉండడు.

ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. మనిషి ఆరోగ్యం తిండిలో, మందుల్లో ఉన్నట్టే తన చుట్టూ ఉన్న మనుషుల్లో కూడా ఉంది. ఆ మనుషుల అల్లికను తెంపే ప్రాజెక్టు ఏదైనా, పథకం ఏదైనా, చివరికి బడి అయినా సరే, మన ఆయుష్షులో కొంత కోసుకుపోతుంది. ఇల్లు పోతే పరిహారం, చెట్టు పోతే పరిహారం, పశువుల కొట్టం పోతే పరిహారం రాస్తారు. పక్కింటి పెద్దమ్మ పోతే ఏ కాలమ్‌లోనూ రాయరు.

ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు

చుట్టరికం గురించి మాట్లాడితే "అదంతా సెంటిమెంటు" అని కొట్టిపారేసే చదువుకున్నవాళ్ళు మనలోనే ఉన్నారు. వాళ్ళ కోసం వాళ్ళు నమ్మే లెక్కలే చెబుతాం.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం అలమేడా కౌంటీలో 1965లో దాదాపు ఏడు వేల మంది పెద్దవాళ్ళ వివరాలు సేకరించారు. పెళ్ళి అయిందా, స్నేహితులూ బంధువులూ ఎంతమంది ఉన్నారు, ప్రార్థనా స్థలానికి వెళ్తారా, ఏదైనా సంఘంలో ఉన్నారా అని అడిగారు. తొమ్మిదేళ్ళ పాటు ఎవరు బతికారు, ఎవరు చనిపోయారు అని చూశారు. బర్క్‌మన్, సైమ్ అనే పరిశోధకులు ఆ ఫలితాలను 1979లో ప్రచురించారు. సంబంధాలు బాగా ఉన్నవాళ్ళతో పోలిస్తే అవి బాగా తక్కువ ఉన్నవాళ్ళలో మరణాలు రెండు రెట్లకు పైగా ఉన్నాయి. పొగ, మందు, బరువు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు.

అది ఒక్క చోటి మాట కాదు. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం ఇలాంటి 148 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. అన్నిటిలో కలిపి మూడు లక్షల మందికి పైగా ఉన్నారు. గట్టి సంబంధాలు ఉన్నవాళ్ళు ఆ అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ఒంటరితనం వల్ల ప్రపంచంలో ఏటా 8 లక్షల 71 వేల మంది చనిపోతున్నారని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ అంచనా వేసింది.

సంబంధాలు ప్రాణం ఎలా కాపాడతాయి? పిల్లలకు చెప్పినట్టే చెప్పుకుందాం. భయం, దిగులు పట్టినప్పుడు శరీరం కొన్ని హార్మోన్లను వదులుతుంది. పాము కనిపించి పరుగెత్తేటప్పుడు అవి కావాలి. కానీ నెలల తరబడి, ఏళ్ళ తరబడి అదే స్థితిలో ఉంటే రక్తపోటు పెరుగుతుంది, నిద్ర చెడుతుంది, రోగాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. పక్కన మనవాళ్ళు ఉన్నారన్న ధైర్యం ఆ భారాన్ని దించుతుంది. ఇది శరీరం లోపలి సంగతి. బయటి సంగతి మనకు ఇంకా బాగా తెలుసు. జ్వరం వచ్చిందని ముందు గుర్తుపట్టేది పక్కింటివాళ్ళు. జావ కాచి తెచ్చేది వాళ్ళు. టీబీకి ఆరు నెలలు బిళ్ళలు మింగాలంటే, రెండో నెలలో దగ్గు తగ్గగానే మానేసే మనిషిని తిట్టి మింగించేది వాళ్ళు.

అమెరికాలోనే పెన్సిల్వేనియాలో రొసెటో అనే చిన్న ఊరు ఉంది. ఇటలీలోని ఒకే ఊరి నుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్నది. మగవాళ్ళు పలక రాయి క్వారీల్లో పనిచేసేవారు. కొవ్వుతో వండుకుని తినేవారు, చుట్టలు కాల్చేవారు. అయినా 1950ల్లో, 60ల్లో పక్క ఊళ్ళతో పోలిస్తే అక్కడ గుండెపోటు మరణాలు చాలా తక్కువ. డాక్టర్లు వెళ్ళి చూస్తే తాత, కొడుకు, మనవడు ఒకే ఇంట్లో ఉన్నారు. ఉన్నవాడు లేనివాడి ముందు డాబు చూపించడం తప్పు అక్కడ. తరవాతి తరం పెద్ద ఇళ్ళు కట్టుకుని, కంచెలు వేసుకుని, ఎవరికి వారయ్యారు. 1970ల నాటికి గుండెపోట్లలో ఆ ఊరు పక్క ఊళ్ళతో సమానమైపోయింది. ఆ ఊరివాళ్ళకు ఎవరూ విషం పెట్టలేదు. ఊరు ఊరుగా ఉండడం మానేసింది, అంతే.

మన గూడెంలో ఉన్న ఆస్పత్రి

ఇప్పుడు శబరి, గోదావరి ఒడ్డుకు రండి. కోయ గూడెంలో ఒక ఇంట్లో చావు జరిగితే ఆ ఇంటి పొయ్యి గురించి ఆ ఇంటివాళ్ళు ఆలోచించరు. చుట్టాలు బియ్యం, జొన్నలు, కోడి, కల్లు పట్టుకుని వస్తారు. విత్తనాల పండుగకు ముందు ఎవరూ ఒంటరిగా దుక్కి మొదలుపెట్టరు. కొత్త కాయ, కొత్త గింజ ఊరంతా కలిసి దేవతకు పెట్టిన తరవాతే ఇంట్లో వండుతారు. ఒకరి చేలో ఒకరు మార్చి మార్చి పనిచేస్తారు. బాలింతకు చాకిరీ చేసే చేతులు నాలుగిళ్ళ నుంచి వస్తాయి.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఒడ్డునున్న మా ఊళ్ళు గుట్టలెక్కాయి. కదలలేని ముసలివాళ్ళను, పసిపిల్లల్ని, మేకల్ని ఎవరు ఎక్కించారు? ఊరే ఎక్కించుకుంది. టార్పాలిన్ల కింద ఒకే పొయ్యి మీద పది ఇళ్ళు తిన్నాయి. పడవలు, పొట్లాలు తరవాత వచ్చాయి.

డోలీ సంగతి తీసుకుందాం. గర్భిణిని డోలీలో మోస్తున్న ఫొటో పేపర్లో వస్తే రాష్ట్రమంతా అయ్యో అంటుంది. అనాలి. అది ప్రభుత్వానికి సిగ్గు. కానీ ఆ ఫొటోలో ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఎవరూ చూడరు. వానలో, బురదలో, రాత్రిపూట, కూలి అడగకుండా మార్చి మార్చి భుజం పట్టిన మనుషులు ఉన్నారు అందులో. రోడ్డు రావాలి, డోలీ పోవాలి. భుజం పట్టే మనుషులు మాత్రం పోకూడదు. మా పోరాటమంతా ఈ రెండు మాటలు కలిపి చెప్పడానికే.

"మరి మీరెందుకు ముందే చనిపోతున్నారు?"

ఇది అడగాల్సిన ప్రశ్నే. చుట్టరికం అంత గొప్ప మందైతే ఆదివాసుల ఆయుష్షు ఎందుకు తక్కువ? డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్రం వేసిన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభా సగటు ఆయుర్దాయం 67 ఏళ్ళుగా ఉంటే ఆదివాసులది 63.9 ఏళ్ళని అందులో ఉంది. మూడేళ్ళు తక్కువ.

జవాబు సూటిగా చెబుతాం. బంధువు మలేరియా బిళ్ళ కాదు. పక్కింటి వదిన రక్తం ఎక్కించలేదు. మెదడుకు ఎక్కిన మలేరియాను, కాన్పులో ఆగని రక్తాన్ని, సికిల్ సెల్ నొప్పిని ఆప్యాయతతో తగ్గించలేం. వాటికి డాక్టరు కావాలి, మందు కావాలి, రక్తం నిల్వ కావాలి, తిండి కావాలి. అవి లేకపోవడం వల్లే ఆ మూడేళ్ళు పోయాయి. అవి లేకుండానే 63.9 దాకా లాక్కొచ్చిన వాటిలో మన ఊరి కట్టు ఒకటి. ఆస్పత్రి ఇవ్వకుండా ఊరిని కూడా తీసేస్తే మిగిలేది ఎంత?

అందుకే ఇంకో రకం పెద్దమనుషుల పొగడ్త కూడా మాకు అక్కర్లేదు. "ఆదివాసులు ప్రకృతి బిడ్డలు, కలిసి మెలిసి హాయిగా ఉంటారు" అని పాటలు రాసి, ఆస్పత్రి సంగతి ఎత్తనివాళ్ళు వాళ్ళు. మన ఐకమత్యాన్ని చూపించి మన పీహెచ్‌సీని ఎగ్గొడితే ఊరుకునేది లేదు.

కాలనీలో ఎవరు ఎవరికి ఏమవుతారు?

పోలవరం ముంపులో 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళలో ఆదివాసులే ఎక్కువ నష్టపోతున్నారు. 2014లో ముంపు మండలాలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చారు. గీత గీయడానికి ఎంతసేపు? ఆ గీతకు అటూ ఇటూ మేనమామలూ మేనకోడళ్ళూ ఉన్నారు.

పునరావాస కాలనీలకు వెళ్ళిన మా విద్యార్థుల ఇళ్ళకు మేం వెళ్ళాం. సిమెంటు ఇళ్ళు, వరసలు, నంబర్లు. కరెంటు ఉంది, అంబులెన్సు గుమ్మం దాకా వస్తుంది. ఇవి మంచివే. కానీ ఇల్లు ఏ నంబరుకు వచ్చిందో జాబితా చెప్పింది, చుట్టరికం చెప్పలేదు. గూడెంలో ఒక్క కేక వేస్తే పలికే అన్నదమ్ములు కాలనీలో మూడు వీధుల అవతల పడ్డారు. కొందరు వేరే కాలనీకే పోయారు. దేవత గుడి నీళ్ళ కింద, పెద్దల సమాధి రాళ్ళు నీళ్ళ కింద. ఇప్పపువ్వు ఏరడానికి అడవి లేదు, ఏరుతూ మాట్లాడుకోవడానికి మనిషి లేడు. పద్దెనిమిదేళ్ళు నిండాయని ప్యాకేజీ డబ్బు చేతికొచ్చిన కుర్రాడు బైకు కొన్నాడు. డబ్బు అయిపోయాక వాడిని మందలించే పెదనాన్న దగ్గర్లో లేడు. ముసలామె గుమ్మంలో కూర్చుని రోజంతా రోడ్డు చూస్తుంది. ఆమెకు ఏం రోగమో ఏఎన్ఎం దగ్గరున్న ఫారంలో లేదు. అంబులెన్సు వస్తే వెంట ఎక్కేవాళ్ళు ఎవరు అన్నది అక్కడి కొత్త ప్రశ్న.

ఇదంతా తెలియక చేశారా? 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ తీసి చదవండి. షెడ్యూల్డ్ తెగల కుటుంబాలను వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, ఒక్కచోట కలిసి ఉండేలా, వాళ్ళ జాతి, భాష, సంస్కృతి నిలుపుకునేలా పునరావాసం కల్పించాలని అందులో రాసి ఉంది. 1996 పెసా చట్టం నిర్వాసితుల పునరావాసానికి ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలంది. అంటే ఊరును ఊరుగా ఉంచాలని చట్టానికి తెలుసు. అమలు చేసేవాళ్ళ చేతిలో మాత్రం కుటుంబం ఒక యూనిట్, ఇల్లు ఒక నంబరు. గూడెం అనే యూనిట్ వాళ్ళ కంప్యూటర్లో లేదు.

బడి కూడా విడదీస్తుంది

ఇక మన ఇంటి సంగతి. మేం ఉపాధ్యాయులం కాబట్టి బడిని వదిలేసి మాట్లాడితే అన్యాయం అవుతుంది.

కెనడాలో ఆదివాసీ పిల్లలను కుటుంబాల నుంచి వేరుచేసి రెసిడెన్షియల్ బడుల్లో పెట్టారు. దాదాపు లక్షన్నర మంది పిల్లలు ఆ బడుల్లో పడ్డారు. సొంత భాష మాట్లాడితే కొట్టారు. 2015లో అక్కడి సత్యశోధన, సయోధ్య కమిషన్ దాన్ని సాంస్కృతిక జాతి హననం అని తేల్చింది. అదే దేశంలో బ్రిటిష్ కొలంబియాలో చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు 1987 నుంచి 1992 వరకు ఆదివాసీ యువకుల ఆత్మహత్యలను పరిశీలించారు. సగానికి పైగా సముదాయాల్లో ఒక్క ఆత్మహత్య కూడా లేదు. కొన్నిటిలో మాత్రం ఘోరంగా ఉన్నాయి. తేడా ఎక్కడుంది? భూమి హక్కు కోసం నిలబడడం, సొంత పాలన, బడి, వైద్యం, రక్షణ సేవలు తమ చేతిలో ఉండడం, సంస్కృతికి ఒక చోటు ఉండడం. ఈ ఆరూ ఉన్న చోట ఆ కాలంలో యువకుల ఆత్మహత్యలు లేవు. ఇవి ఒక్కొక్కటీ తగ్గుతున్న కొద్దీ చావులు పెరిగాయి.

మన ఆశ్రమ పాఠశాలలు ఆ బడులు అంటామా? అనం. ఆశ్రమ పాఠశాలలు లేకపోతే మనలో చాలామంది ఈ అక్షరాలు రాసేవాళ్ళమే కాదు. కానీ ఐదారేళ్ళ పిల్ల అమ్మమ్మను వదిలి వచ్చి, తనకు రాని భాషలో హాజరు పలికే చోట ఏం జరుగుతుందో మనకు తెలియదా? రాత్రి జ్వరం వస్తే ఆ పిల్ల ఎవరిని లేపాలి? కడుపునొప్పిని కోయ భాషలో చెబితే అర్థమయ్యే పెద్దమనిషి ఆ ఆవరణలో ఉన్నాడా? చెప్పుకోలేని జ్వరం మూడో రోజుకు ప్రమాదమవుతుంది. పిల్ల చనిపోయాక వేసే విచారణ కమిటీ నీళ్ళ ట్యాంకును చూస్తుంది, వంటగదిని చూస్తుంది. ఆ పిల్ల ఎవరితో మాట్లాడేదని అడగదు.

2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జీవోను అందరూ ఉద్యోగాల గొడవగానే చూశారు. మేం దాన్ని ఆరోగ్యం గొడవగా కూడా చూస్తున్నాం. పిల్ల ఏడిస్తే ఏ ఊరి ఏడుపో తెలిసిన టీచరు, సంతలో తల్లి కనబడితే సంగతి చెప్పగల టీచరు ఉండడం బడికి పెద్ద రక్ష.

మనలో ఉన్న విషం

ప్రభుత్వాన్ని తిట్టి ఇంటికి పోతే సరిపోదు. ఊరి కట్టు మందైనట్టే ఒక్కోసారి విషమూ అవుతుంది. వరసగా రెండు చావులు జరిగితే చిల్లంగి పెట్టిందని ఒంటరి ముసలామె మీద ఊరంతా వేలు చూపిస్తుందే, ఆ రోజు ఆ ఊరు మందు కాదు. కుల పెద్దలు జరిమానా వేసి ఒక జంటను వెలి వేసిన రోజు ఆ ఊరు మందు కాదు. అందరి సేవా ఆడవాళ్ళ నడుం మీదే పడితే, వాళ్ళు పడిపోయిన రోజు పట్టుకునేవాళ్ళు లేకపోతే, దాన్ని బంధం అని మేం అనం. నిలబెట్టాల్సింది ఒకరినొకరు చూసుకునే పద్ధతిని. ఒకరినొకరు తొక్కే పద్ధతిని ఎంత పాతదైనా వదిలేయాలి.

ఇంకో విషం ఉద్యోగం రాగానే పట్టుకునే విషం. పట్నంలో స్థలం కొని, ఇంటిపేరు దాచి, పిల్లలకు మన భాష రాకుండా జాగ్రత్తపడి, పండుగకు ఫోన్‌పేలో చందా పంపి చేతులు దులుపుకునేవాళ్ళు మనలో ఎందరు? కుల ధ్రువపత్రం కోసం మాత్రం ఊరి పెద్ద గుర్తొస్తాడు. వాళ్ళ మీద మాకు కోపం కంటే జాలి ఎక్కువ. గేటు వేసుకున్న ఆ ఇంట్లో బీపీ బిళ్ళ వేసుకుంటూ వాళ్ళు కూడా ఒంటరివాళ్ళే. హైదరాబాదులో నలుగురు పడుకునే గదిలో ఎవరితోనూ మాట్లాడకుండా ఫోను చూస్తూ నిద్రపోయే మన కుర్రాడూ ఒంటరివాడే.

అడగాల్సినవి, చేయాల్సినవి

ప్రభుత్వాన్ని అడగాల్సినవి నాలుగు. పునరావాసానికి గూడేన్ని యూనిట్‌గా తీసుకోవాలి. ఎవరి ఇల్లు ఎవరి పక్కన ఉండాలో గ్రామసభ నిర్ణయించాలి, దేవత స్థలానికీ శ్మశానానికీ నేల చూపించాలి. కాలనీకి తరలించక ముందు, తరలించాక ఏటా ఆరోగ్య సర్వే చేసి చావుల లెక్క బయటపెట్టాలి. ఆశ్రమ పాఠశాలల్లో, పీహెచ్‌సీల్లో పిల్లల భాష తెలిసిన మనుషులను పెట్టాలి. రోగి వెంట పెద్దాస్పత్రికి వచ్చే మనిషికి తిండి, బస చూడాలి. తోడు వచ్చేవాడిని వరండాలోంచి తరిమే ఆస్పత్రి రోగిని సగమే చూస్తున్నట్టు.

ఉపాధ్యాయ మిత్రులారా, జీవో కోసం ఆగకుండా మనం చేయగలిగినవి ఉన్నాయి. కొత్తగా చేరిన చిన్నపిల్లకు అదే ఊరి పెద్దపిల్లను జత చేయండి. అక్కచెల్లెళ్ళను, అన్నదమ్ములను ఒకే పంక్తిలో కూర్చోబెట్టండి. అవ్వ సంత నుంచి వస్తూ బడికి వస్తే గేటు దగ్గర నిలబెట్టకండి, లోపలికి పిలిచి కథ చెప్పించండి. విత్తనాల పండుగకు, కొత్తల పండుగకు సెలవు అడిగిన పిల్లవాడిని దొంగలా చూడకండి. సెలవుల తరవాత తిరిగిరాని పిల్ల కోసం ఆ ఇంటిదాకా నడవండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకొక పని. ఈ వారం మీ గూడెంలో, మీ కాలనీలో ఇంటింటికీ తిరిగి ఒక కాగితం రాయండి. ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళు ఎవరు, టీబీ బిళ్ళలు మింగుతున్నవాళ్ళు ఎవరు, నెలలు నిండినవాళ్ళు ఎవరు, మొగుడు వలసపోయిన ఇల్లు ఏది. ప్రతి పేరు పక్కన, రాత్రిపూట పిలిస్తే వచ్చే ఇద్దరి పేర్లు రాయండి. ఆ ఇద్దరి పేర్లు దొరకని చోట మీ పేరు రాయండి. ఆ కాగితం ఒక కాపీ ఆశా దగ్గర ఉంచండి, ఒకటి గ్రామసభలో చదివి వినిపించండి. పరిహారం లెక్క కట్టడానికి అధికారులు మళ్ళీ వచ్చినప్పుడు ఇళ్ళూ చెట్లూ చూపించేముందు ఆ కాగితం వాళ్ళ ముందు పెట్టండి. మా ఆస్తి ఇది, ముందు దీనికి విలువ కట్టండి అని అడగండి.